ఆరుగురికి టేబుల్

రిటైరైన నాలుగో నెలలో చిట్టి కంప్యూటర్ క్లాసులో చేరింది. చిట్టి అంటే చిన్నపిల్లేమీ కాదు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఒక స్కూలు ఆఫీసులో ముప్పై ఏళ్ళు హెడ్ క్లర్కుగా చేసి, హెడ్మాస్టర్ల చేత కూడా "ఒక్క నిమిషం రావచ్చా" అనిపించుకున్న మనిషి. కాకపోతే చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన పేరు ఇప్పటికీ ఊడలేదు. అన్నయ్యా వదినా కింద వాటాలో ఉంటారు, చిట్టి పై వాటాలో. పొద్దున్నే బాల్కనీలోకి "చిట్టీ!" అని కేక వినపడితే వీధిలో కొత్తవాళ్ళు ఏ పాప తొంగిచూస్తుందా అని ఆగేవారు. కళ్ళద్దాలు సర్దుకుంటూ ఆవిడ తొంగిచూసేది.

క్లాసు లైబ్రరీ మేడ మీద, వారానికి మూడు రోజులు, పది నుంచి పన్నెండు దాకా. చెప్పే టీచరుకు చిట్టి వయసులో సగం కూడా ఉండదు. మొదటిరోజే ఒక మాట తేల్చి చెప్పింది.

"నోట్సు రాసుకుని ఇంటికెళ్తే ఏం లాభం లేదండీ. ఈ క్లాసులన్నీ అయిపోయేలోపు ఒక్కొక్కరూ ఒక వెబ్‌సైట్ చేసి నలుగురి ముందూ పెట్టాలి. అలా పెట్టినవాళ్ళకే సర్టిఫికెట్."

చిట్టికి వెబ్‌సైట్ పెట్టేంత వ్యవహారం ఏమీ లేదు. ఆ మాట తట్టగానే కొంచెం దిగులేసింది కూడా. మెట్లు దిగుతుంటే వదిన గుర్తొచ్చింది.

వదిన కుట్టు మిషన్లు బాగుచేస్తుంది. ఇంటి ముందుగదే షాపు. వీధంతా ఆవిడను మిషనక్క అంటారు. మనుషులతో మాట్లాడటానికి ఆవిడకు పెద్దగా ఓపిక ఉండదు. తెచ్చిన మిషన్ చక్రం రెండుసార్లు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, "శుక్రవారం" అంటుంది. అంటే శుక్రవారం వచ్చి తీసుకెళ్ళమని. అంతే సంభాషణ.

"వదినా, నీ షాపుకి వెబ్‌సైట్ చేస్తున్నాను," అంది చిట్టి ఆ మధ్యాహ్నమే.

వదిన తల ఎత్తలేదు. పళ్ళ మధ్య ఉన్న మర తీసి పళ్ళెంలో వేసింది. "ఎందుకూ?"

"నువ్వున్నావని లోకానికి తెలియొద్దూ?"

"తెలిసి ఏం చేస్తుంది లోకం?"

"మిషన్లు తెస్తుంది."

వదిన గోడవారగా వరసన నిలబెట్టిన పద్నాలుగు మిషన్లను చూపించింది. "ఎక్కడ పెడదాం? నీ మంచం మీదా?" అని, మరో మర అందుకుని, "సరేలే, చేసుకో. నా ఫోటో మాత్రం పెట్టకు. పెళ్ళి ఫోటోలోనే సరిగ్గా పడలేదు," అంది.

"అందులో నీ తప్పేం లేదు వదినా, పక్కన అన్నయ్య ఉన్నాడు."

పేపరు చాటునుంచి అన్నయ్య దగ్గాడు. ఆయన బస్టాండులో అనౌన్సరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఉప్పు అందుకోమనాలన్నా ప్లాట్‌ఫాం మొత్తానికి వినపడేలా అంటాడు.

ముందు పేరు కావాలి. చిట్టికి తోచిన మంచి పేర్లన్నీ ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారు. అన్నయ్య ఒక పేరు చెప్పాడు కానీ, అది రాయడానికి రెండు లైన్లు పట్టింది. "ఫోన్లో ఒక్కసారి చెబితే అవతలివాళ్ళు మళ్ళీ అడక్కూడదండీ, అలాంటిది చూడండి," అంది టీచరు. చిట్టి కాస్త ఆలోచించి 'మిషనక్క' అని కొట్టింది. ఖాళీగా ఉంది.

"అది వీధి పెట్టిన పేరు," అని సణిగింది వదిన.

"ఆ వీధివాళ్ళకి కంప్యూటర్ రాదు కాబట్టి మనకి మిగిలింది."

తర్వాత టెంప్లేటు. రెడీమేడ్ చొక్కా లాంటిది, కొనుక్కుని మన కొలతకి బిగించుకోవడమే అని టీచరు చెప్పింది. ఉన్నవాటిలో చిట్టికి బాగా నచ్చింది ఒకటే. అది హోటళ్ళ కోసం చేసింది. అయితేనేం, రంగులు బాగున్నాయి. గిన్నెల బొమ్మలు తీసేసి సూదులూ బాబిన్లూ పెట్టింది. 'ఈరోజు ప్రత్యేకం' అన్నచోట పాతకాలపు తొక్కుడు మిషన్ ఫోటో వచ్చింది. రెండ్రోజులు ఇదే పని. అన్నం చల్లారిపోతోందని కింద నుంచి మూడుసార్లు అనౌన్సుమెంటు వచ్చింది.

'మా గురించి' పేజీ దగ్గర చిట్టి ముప్పై ఏళ్ళ సర్వీసంతా చూపించింది. వదినకు చదివి వినిపించింది. "తమ అమూల్యమైన కుట్టు యంత్రములకు సంభవించిన లోపములను సవినయముగా స్వీకరించి, అనతికాలములో..."

"ఎవరు పోయారు?" అంది వదిన.

"ఎవరూ పోలేదే!"

"మరెందుకంత బాధగా రాశావు?"

చిట్టికి ఒళ్ళు మండింది. "అయితే నువ్వే చెప్పు, రాసుకుంటాను."

వదిన ఒక మిషన్ కడుపులోకి టార్చి వేసి చూస్తూ చెప్పింది. "మిషన్ ఆగిపోతే తీసుకురండి. తెచ్చేముందు సూది మార్చి చూడండి. సగం జబ్బులు సూదివే."

"ఇలా రాస్తే సగంమంది రారు వదినా."

"మిగతా సగం త్వరగా అయిపోతుంది."

చిట్టి అలాగే రాసింది. రాశాక తన పేరాతో పక్కపక్కన పెట్టి చూసుకుని, తన పేరా చెరిపేసింది. మనసొప్పలేదు, అయినా చెరిపేసింది.

అన్నయ్యకూ ఒక కోరిక ఉంది. పేజీ తెరవగానే తన గొంతు స్వాగతం పలకాలని. రికార్డు చేసి కూడా ఇచ్చాడు. టీచరు ఒక్కసారి విని, కుర్చీలో వెనక్కి జరిగి, "ఇది పెడితే జనం ఫోన్లు కింద పడేసుకుంటారండీ," అంది. ఆయన చిన్నబుచ్చుకోకుండా ఉండాలని, ఎంతమంది చూశారో చూపించే అంకె ఒకటి పేజీ అడుగున తనే పెట్టిచ్చింది.

బుధవారం పదకొండింటికి క్లాసులోనే చిట్టి ఆఖరి బటన్ నొక్కింది. ఏమీ మోగలేదు, ఏమీ వెలగలేదు. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, చూడు, వచ్చిందా?"

అవతల కళ్ళద్దాల కోసం వెతుకులాట. తర్వాత క్లాసు మొత్తానికీ వినపడింది. "వచ్చింది! వచ్చిందమ్మా!"

సాయంత్రానికి అంకె అరవై మూడు. "అరవై మూడుమంది చూశారు!" అని అన్నయ్య ఇంట్లో ప్రకటించాడు.

"మీ బొటనవేలు నొప్పి పుట్టలేదూ?" అంది వదిన.

శుక్రవారం పొద్దున చిట్టికి మొదటి మెయిల్ వచ్చింది. గబగబా తెరిచింది. అందులో పేరు కాక ఒకటే లైను. 'ఆదివారం ఉదయం పదకొండుకు ఆరుగురికి టేబుల్. కిటికీ పక్కనైతే మంచిది.'

చిట్టి రెండుసార్లు చదివింది. తర్వాత తన వెబ్‌సైట్ తెరిచి, ఎప్పుడూ చూడనంత కిందికి జరుపుకుంటూ వెళ్ళింది. అడుగున, అంకెకి కొంచెం పైన, అందమైన ఎర్రటి బటన్ ఒకటి నింపాదిగా కూర్చుని ఉంది. 'టేబుల్ బుక్ చేసుకోండి.' హోటలు తాలూకు బటన్. అన్నీ తీసింది, దాన్ని మర్చిపోయింది.

"హోటలనుకున్నారు వదినా! ఆరుగురు ఆకలితో వస్తారు!"

రావద్దని చెబుదామంటే, ఆ బటన్ నొక్కితే వచ్చే ఫారంలో పేరు, సమయం, ఎంతమంది, ఇంకేమైనా కోరిక అన్న గడులే తప్ప ఫోన్ నంబరుకీ, మెయిల్ అడ్రసుకీ చోటు లేదు. పేరు గడిలో 'మేమే' అని ఉంది. తన ఆఫీసులో అసంపూర్తి ఫారం ఒక్కటి కూడా టేబుల్ దాటి వెళ్ళనివ్వని చిట్టికి ఏడుపొక్కటే తక్కువ. బటన్ పీకేసింది. కానీ వచ్చేవాళ్ళు వచ్చే తీరుతారు.

"వస్తే రానీ, భోజనం పెట్టి పంపిద్దాం," అన్నాడు అన్నయ్య ఉదారంగా.

"మీరు వండుతారా?" అని వదిన అడిగాక ఆయన మళ్ళీ పేపరు తీసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం చిట్టి కిందికి దిగేసరికి వదిన పెద్దబల్ల మీదున్న సామానంతా నేల మీదకి దింపి, బల్లని ఒక్కతే కిటికీ వైపు లాగుతోంది.

"ఏం చేస్తున్నావు?"

"బల్ల అడిగారుగా," అంది వదిన. "ఆ కొస పట్టుకో."

ఆదివారం పదకొండుకి రెండు నిమిషాలు తక్కువగా ఒక వ్యాను వచ్చి ఆగింది. నలుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు దిగారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కుట్టు మిషన్. అందరికన్నా ముందున్న పొడుగాటి టైలరు గుమ్మంలో ఆగి, "టేబుల్ బుక్ చేసుకున్నామండీ," అన్నాడు.

వాళ్ళు నాటకాలకు దుస్తులు కుట్టేవాళ్ళట. "ఎనిమిది మిషన్లు మొరాయించాయండీ. మీరు రాసింది చదివి సూదులు మార్చాం. రెండు బాగయ్యాయి. ఈ ఆరూ మిగిలాయి. కింద టేబుల్ బుక్ చేసుకోమని ఉంటే, మీ దగ్గర కూర్చుని మేమే బాగుచేసుకోవచ్చు కాబోలని..."

చిట్టి నోరు తెరిచింది. ఆవిడ ఏదైనా అనేలోపే వదిన, "లోపలికి రండి. మూతలు విప్పండి," అంది.

తర్వాత రెండు గంటలపాటు చిట్టి తన జీవితంలో చూడనిది చూసింది. వదిన మాట్లాడింది. ఆగకుండా మాట్లాడింది. బాబిన్ కూర్చునే షటిల్ కింద పేరుకున్న దూదిని తీసి చూపించింది. ఎక్కడ నూనె వెయ్యాలో, ఎక్కడ వేస్తే గుడ్డ పాడవుతుందో చెప్పింది. ఎవరి మిషన్ మీదా తను చెయ్యి వెయ్యలేదు. పొడుగాటి టైలరు ఒక మర విప్పడానికి జంకుతుంటే, "విప్పు నాయనా, కరవదు," అంది. అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి, "మూడో నంబరు మిషన్ బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నది," అని ప్రకటిస్తే బల్ల చుట్టూ అందరూ నవ్వారు. చిట్టి కూడా ఎప్పుడు తెచ్చుకుందో తెలియదు, ఒక నోట్‌బుక్కులో గీతలు కొట్టి, ఎవరి మిషన్‌కి ఏ జబ్బో వరసగా రాసుకుంటూ కూర్చుంది. రిటైరయ్యాక ఆవిడ చేతికి అంత హాయిగా అనిపించిన పూట అదే.

ఆరు మిషన్లూ ఒక్కసారిగా నడిచేసరికి గది దడదడలాడింది. వెళ్ళేముందు ఒకావిడ అడిగింది. "మళ్ళీ ఎలా బుక్ చేసుకోవాలండీ? ఆ బటన్ ఇప్పుడు కనబడట్లేదు."

వ్యాను మలుపు తిరగకముందే చిట్టి కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. వదిన నూనె చేతులు తుడుచుకుంటూ వెనకాలే వచ్చి, "పక్కకి జరుగు. ఎలాగో చూపించు, నేను పెడతాను," అంది.

ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, వదిన బటన్ కింద రాసింది. 'ఆదివారం బల్ల ఖాళీ. మీ మిషన్ మీరే బాగుచేసుకోవాలి. నేను తిడుతుంటాను.' ఆఖరి వాక్యం తీసేద్దామని చిట్టి చెయ్యి చాపితే ఆ చేతిమీద ఒక్కటి వేసింది. ఫోన్ నంబరు గడి మాత్రం చిట్టి పట్టుబట్టి పెట్టించింది.

క్లాసు ఆఖరి రోజున టీచరు ఆ పేజీని అందరికీ చూపించి, "ఈ టేబుల్ ఆలోచన ఎలా వచ్చిందండీ మీకు?" అని అడిగింది. చిట్టి ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎప్పుడూ అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టలేదు.

"మర్చిపోయానమ్మా," అంది. "తియ్యడం మర్చిపోయాను."

క్లాసంతా నవ్వింది. సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆ వారం మూడు బుకింగులు వచ్చాయి. మూడోది చదివి వదిన కళ్ళు చిన్నవి చేసింది. 'ఒక్కరికి. మిషన్ లేదు. ఊరికే కూర్చుంటాను.' నంబరు ఆవిడకు బాగా తెలిసిన నంబరే. జవాబు పంపడం అప్పటికి నేర్చుకుంది కాబట్టి, ఒక్క వేలితో కొట్టి పంపింది. పక్కగదిలో ఫోన్ మోగింది. అన్నయ్య గొంతు జవాబుని వీధి చివరిదాకా చదివి వినిపించింది.

"మిషన్ లేనివాళ్ళు నూనె డబ్బా పట్టుకుని నిలబడవలెను!"