పచ్చ ఫ్లాస్కులో కషాయం

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపట్టే మనిషికి కామెర్లొస్తే దాచుకోవడం కష్టం. ఆ కొట్లో ఎటు తిరిగినా అద్దాలే, ఏ అద్దంలో చూసినా ఆ పచ్చటి కళ్ళే. యజమాని జడుసుకుని సెలవిచ్చి ఇంటికి పంపేశాడు. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, ఇది వైరస్ వల్ల వచ్చిందని తేల్చాడు.

"విశ్రాంతి తీసుకో. లివర్ దానంతటదే తేరుకుంటుంది. ఈలోగా పసర్లూ కషాయాలూ పోసి దాని నెత్తిన ఇంకో బరువు పెట్టకు" అన్నాడు.

ఆ మాట చెవిన వేసుకున్నది భార్య. మొగుడు విన్నా ఒకటే, వినకపోయినా ఒకటే. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేమిచ్చినా పుచ్చుకుంటాడు, తాగమంటే తాగుతాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది గానీ, అది అతనిదాకా వచ్చినట్టు లేదు.

అతనికో అక్క ఉంది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. వీధంతా ఆవిడను కషాయమ్మ అంటారు. నేల ఉసిరిని వేళ్ళతో సహా పీకి, తిప్పతీగ, నేలవేము కలిపి దంచి, సగానికి మరిగించిందంటే ఏ లివర్ జబ్బయినా తోక ముడవాల్సిందేనని ఆవిడ నమ్మకం. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. అదే వచ్చిన చిక్కు. మోసగత్తె అయితే నాలుగు తిట్టి పంపేయొచ్చు, ప్రేమగా తెచ్చిపెట్టేదాన్ని ఏం చేస్తారు?

పొద్దున్నే ప్రింటింగ్ ప్రెస్సులో పనికి పోతూ, తమ్ముడి తలుపు గొళ్ళానికి పచ్చ ఫ్లాస్కు తగిలించి వెళ్ళేది. సాయంత్రం వచ్చి, మూత తీసి వాసన చూసి పట్టుకెళ్ళేది.

"మీరు తాగొద్దు, మీ అక్కతో చెప్పొద్దు. మిగతాది నేను చూసుకుంటాను" అంది భార్య.

కషాయం రోజూ బాత్‌రూమ్ తూములో పోసి, వాసన కోసం అడుగున చెంచాడు మిగిల్చేది. డాక్టరు అన్నట్టే, కొన్నాళ్ళకు మొగుడి కళ్ళు తెల్లబడ్డాయి. ఆ రోజు ఆడపడుచు వాటిని రెప్పలు విప్పి మరీ చూసి, మురిసిపోయింది.

"చూశావా అమ్మాయ్, నా హస్తవాసి" అంది.

"అవును వదినా" అంది భార్య. ఫ్లాస్కుడు కషాయం కోసం అక్కాతమ్ముళ్ళను విడదీసిందన్న పేరెందుకని ఊరుకుంది. అప్పుడు అది మంచితనంలాగే కనిపించింది.

ఆ వర్షాకాలంలోనే ఆడపడుచు మొగుడికి కళ్ళు పచ్చబడ్డాయి. బస్సు డ్రైవరు, సరదా మనిషి. మొగుడూ పెళ్ళాలు చూడ్డానికి వెళితే, ఒళ్ళంతా గోక్కుంటున్నాడు, కుడి డొక్క పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. చలిజ్వరం కూడానట.

"అన్నయ్యా, ఇది ఈయనకొచ్చిన జబ్బులా లేదు. ఇప్పుడే ఆస్పత్రికి పదండి" అంది భార్య.

"ఎందుకు?" అంది ఆడపడుచు, గ్లాసులోకి ఫ్లాస్కు వంచుతూ. "నా తమ్ముడికి తగ్గలేదూ?"

ఇక దాచి లాభం లేదనుకుంది భార్య. "తగ్గింది మీ మందుతో కాదు వదినా. ఒక్క చుక్క కూడా ఆయన తాగలేదు. రోజూ నేనే తూములో పోశాను."

ఆడపడుచు మొహం మాడిపోయింది. "నా చేతికి పేరొస్తే ఓర్చుకోలేవన్నమాట. వాణ్ణే చెప్పమను."

బస్సు డ్రైవరు గ్లాసు అందుకుని బావమరిది వైపు చూశాడు. నవ్వబోయాడు గానీ నొప్పి నవ్వనివ్వలేదు. "చెప్పరా. ఈ చేదు తాగాలో ఆస్పత్రికి పోవాలో, అంతా నీ మాట మీదే ఉంది."

అతను అక్క మొహం చూశాడు. భార్య మొహం చూడలేదు.

"తాగానక్కా" అన్నాడు. "రోజూ తాగాను."

బావ ముక్కు మూసుకుని గటగటా తాగేశాడు. "మీ అక్క కాఫీ కంటే నయమే" అన్నాడు.

ఇంటికెళ్ళే దారిలో భార్యకు ఏడుపొచ్చింది. "ఎందుకలా చెప్పారు?"

"అక్క మొహం చూశావుగా. ఎలా చెప్పను?"

"అన్నయ్య కళ్ళు చూశారా?"

అతను చెప్పుల వంక చూసుకుంటూ నడిచాడు. మర్నాడు ఆమె ఒక్కతే మళ్ళీ వెళితే ఆడపడుచు గడప దాటనివ్వలేదు.

చివరికి స్పృహ తప్పాకే బస్సు డ్రైవరును ఆస్పత్రికి చేర్చారు. పైత్యరసం పారే నాళంలో రాయి అడ్డుపడిందనీ, చీము పట్టి రక్తంలోకి పాకిందనీ డాక్టర్లు చెప్పారు. జబ్బు వచ్చిన కొత్తలోనే తెచ్చి ఉంటే రాయి తీసేసి ఇంటికి పంపేవాళ్ళమన్నారు. తెల్లవారకముందే పోయాడు.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ ఆడపడుచు ఒకటే మాట చెప్పుకుని ఏడ్చింది. "వీడికి మొదటిరోజు నుంచే పోశాను, బతికాడు. ఈయనకు వారం ఆలస్యం చేశాను. నా చేతులారా చంపుకున్నాను."

తమ్ముడు ఆవిడ పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడైనా చెబుతాడని భార్య గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. అతను తలెత్తాడు. కళ్ళు చెమ్మగా, తెల్లగా, ఏ జబ్బూ ఎరగనట్టున్నాయి.

"ఊరుకో అక్కా" అన్నాడు. "నీ మందులో లోపమేం లేదు."