నాలుగో కాగితం మీద బెజ్జం

నేను ఒక ఆరెను. చెప్పులు కుట్టేవాళ్ళ చేతి పనిముట్టును. నా పిడి తుమ్మకర్ర. నా మొన ఒకప్పుడు ఏదో సైకిలు చక్రంలో తిరిగిన చువ్వ. మొన చివర దారాన్ని అందుకోవడానికి చిన్న కొక్కెం ఉంటుంది. తోలులోకి దిగి, అవతలి దారాన్ని పట్టుకుని ఇవతలికి రావడమే నా పని. ఇప్పుడు ఆ పని లేదు. అద్దాల పెట్టెలో నీలం మఖమలు గుడ్డ మీద పడుకుని ఉన్నాను. పక్కన అట్టముక్క మీద "శ్రమకూ అక్షరానికీ నడుమ వారధి" అని రాసిపెట్టారు. వచ్చినవాళ్ళు ఆ వాక్యం చదివి తల పంకిస్తారు. నన్ను చూసేవాళ్ళు తక్కువ.

నన్ను చేసినవాడు ఏసుపాదం. ఒంగోలుకు గంట ప్రయాణం దూరంలో ఉన్న ఈ ఊళ్ళో, బస్టాండు ఎదురుగా గోనెపట్టా నీడలో కూర్చుని చెప్పులు కుట్టేవాడు. మూడు రోజులు కాల్చి, సానబట్టి, నన్ను సిద్ధం చేసి భార్యకు చూపించాడు. "ఇది నా తర్వాత గూడా ఉంటదే" అన్నాడు. అన్నమాట రెండేళ్ళకే నిజమైంది. ఆయన పోయాక భార్య సువార్తమ్మ ఆ పట్టా కిందే కూర్చుంది. ఆడమనిషి ముందు కాలు చాపడానికి మగవాళ్ళు మొదట మొహమాటపడ్డారు. చెప్పు తెగినవాడికి మొహమాటం ఎంతోసేపు నిలవదని ఆమెకు నాలుగు రోజుల్లో తెలిసిపోయింది.

నేను సాహిత్యంలోకి వచ్చింది ఒక పిన్నుల మిషను చేతకానితనం వల్ల. ఊళ్ళో జెకర్యా మాస్టారని హైస్కూల్లో తెలుగు చెప్పే ఆయన ఉన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక రేకుల షెడ్డులో ఆయనా, మరో పదిమందీ కూర్చుని తాము రాసుకున్నవి చదువుకునేవారు. అందరూ మాల మాదిగ పేటల మనుషులు. పత్రికలకు పంపినవి "వస్తువు బాగుంది, భాష సరిచేసుకోవాలి" అన్న చీటీతో తిరిగి వచ్చేవి. ఆ చీటీలతో విసిగిపోయి సొంతంగా ఒక పత్రిక తేవాలనుకున్నారు. టైపు కొట్టించి, జిరాక్సు తీయించి, దొంతర పేర్చారు. పిన్ను దిగలేదు. మాస్టారు ఆ దొంతర చంకన పెట్టుకుని సువార్తమ్మ దగ్గరకు వచ్చాడు.

"పిన్నులు వంకర పోతన్నయ్యి అక్కా. నీ దగ్గర ఏమన్నా ఉపాయం ఉందా?"

"బర్రెతోలులో దిగిద్ది ఇది. మీ కాగితమొక లెక్కా?" అని ఆమె నన్ను ఎత్తింది.

మూడు ప్రతులు కుట్టాక ఆమె నన్ను ఆయన ఒళ్ళోకి విసిరింది. "రాసేది మీరు, కుట్టేది నేనా? బాగుందే వరస. ఎవరి రాత ఉంటే వాళ్ళే కుట్టుకోండి. ఎట్టా కుట్టాల్నో చూపిస్తా."

ఆమె పరిహాసానికే అన్నది. రచయితలు అలాంటివి వదలరు. పత్రికకు "కుట్టు" అని పేరు పెట్టి, ఆ మాటనే అట్ట లోపల నియమంగా వేసుకున్నారు. ఎవరి రాత ఉంటే వాళ్ళే కుట్టాలి. అప్పటినుంచి నేను పదకొండు చేతుల్లో నలిగాను. జూనియర్ లెక్చరర్ రత్నకుమార్ మొదటి రోజే వేలు పొడుచుకుని, ఒక్క రక్తపు చుక్క మీద నాలుగు పేజీల కవిత రాశాడు. సువార్తమ్మ వేలిలోకి నేను దిగిన సందర్భాలకు లెక్కలేదు. ఆమె గుడ్డ చుట్టుకుని పని చేసుకునేది.

ఆ పదకొండు మందిలో నలుగురు బడిపంతుళ్ళు. ఆమె అందరికీ కుట్టు నేర్పింది. ఆమెకు అక్షరాలు నేర్పాలని ఎవరికీ తోచలేదు. నాకు మాత్రం, అన్నేళ్ళు కాగితాల్లో దూరి దూరి, చదవడం వచ్చేసింది.

సువార్తమ్మకు ఒక్కతే కూతురు, రూతు. మాస్టారి బడిలోనే పదో తరగతి అందరికంటే ఎక్కువ మార్కులతో పాసైంది. ఊరి చివర నీలం గేటు ఉన్న ప్రైవేటు కాలేజీలో, హాస్టలుతో సహా, ఆమెకు సీటు ఇప్పించింది మాస్టారే. కాలేజీకి వెళ్ళేముందు తల్లి ఆమెకు చెప్పులు కుట్టింది. పట్టెల మీద రెండు వరసల కుట్టు. అంత దగ్గర దగ్గర కుట్లు నా చేత ఎప్పుడూ వేయించలేదు.

రెండో ఏడు, పరీక్షలకు ముందు, రూతుకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. ఇంటికి ఫోను చేస్తానంటే పరీక్షలకు భయపడి నటిస్తోందని వార్డెను చేయనివ్వలేదు. ఐదో రోజు పొద్దున తల్లికి కబురుపెట్టి, పిల్లను ఆఫీసు గుమ్మం ముందు ఆటో ఎక్కించారు. ఆసుపత్రి ఇంకా రెండు వీధుల దూరం ఉండగా తల్లి ఒళ్ళోనే పోయింది.

చాలా నెలలు సువార్తమ్మ షెడ్డుకు రాలేదు. ఒక ఆదివారం వచ్చి, కుట్టేవాళ్ళ వైపు కాకుండా చదివేవాళ్ళ వైపు కూర్చుంది. "నేను చెప్తా. మాస్టారూ, మీరు రాయండి" అన్నది. ఆయన నోటుపుస్తకం తీశాడు. ఆమె ఏడవకుండా చెప్పింది. ఆయన ఒక్క మాట మార్చకుండా రాశాడు. చివరి మాటలు నాకింకా గుర్తే.

"నా బిడ్డ ఒట్టికాళ్ళతో ఆటో ఎక్కింది. చెప్పులు ఆపీసు గుమ్మం ముందే ఉండిపోయినయ్యి. పోయిన పిల్లని తెచ్చియ్యమని అడగటంలా. చెప్పులు ఇయ్యండి. అయ్యి నేను కుట్టినయ్యి."

రత్నకుమార్, "దీన్లో తీసేయాల్సిన మాట ఒక్కటీ లేదు" అన్నాడు.

అదే కాలంలో "కుట్టు" పెద్దదవుతోంది. ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో ఉత్తరాలు, రచనలు వస్తున్నాయి. దీన్ని లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టరు చేయిద్దామని ప్లీడరు ఇమ్మానియేలు ప్రతిపాదించాడు. పత్రిక తమ తర్వాత కూడా బతకాలంటే అదొక్కటే దారి అన్నాడు. అందులో అబద్ధం లేదు. కమిటీకి ఏడుగురు కావాలి. సువార్తమ్మ పేరు ఎవరో ఎత్తారు. "వేలిముద్ర కూడా చెల్లుద్ది. కాకపోతే అన్నీ సంతకాలుంటే కాగితం శుభ్రంగా ఉంటది" అన్నాడు ప్లీడరు. కాగితం శుభ్రంగా తయారైంది.

బస్టాండు ఎదురుగా మేడ మీద ఒక గది కూడా దొరికింది. ఇచ్చినాయన నీలం గేటు కాలేజీ కరస్పాండెంటు. మనుషులు ఎందుకు ఇస్తారో, ఎందుకు పుచ్చుకుంటారో నేను చెప్పలేను. సువార్తమ్మకు మాత్రం "ఎవరో దాత" అని చెప్పారు.

కమిటీ మొదటి సమావేశం ఆ గదిలోనే జరిగింది. దారం ఉండలతో పాటు నేను కిటికీ గూట్లో ఉన్నాను. అచ్చుకు సిద్ధమైన పేజీలు బల్లమీద పరిచారు. నాలుగో కాగితం దగ్గర, సువార్తమ్మ చెప్పిన రూతు సంగతి మీద, ప్లీడరు చెయ్యి ఆగింది.

"కాలేజీ పేరు లేకపోయినా నీలం గేటంటే ఊళ్ళో తెలవనోళ్ళెవరు? సంస్థ పెట్టాక మొదటి సంచికకే నోటీసు తెచ్చుకుందామా?"

"కరస్పాండెంటు తీసేయమన్నాడా?" అని మాస్టారు అడిగాడు.

"అన్లేదు. ఆయనసలు చదవలేదు. అనిపించుకునేదాకా ఎందుకని."

"వచ్చే సంచికలో వేద్దాం మాస్టారూ. బొమ్మ వేయించి మరీ వేద్దాం" అన్నాడు రత్నకుమార్.

మాస్టారు కిటికీలోంచి బస్టాండు వైపు చూస్తూ ఉండిపోయాడు. మాట్లాడనివాళ్ళను కూడా కలుపుకుని మినిట్సు పుస్తకంలో "ఏకగ్రీవం" అని రాస్తారు. అలాగే రాశారు. ఖాళీ పడ్డ నాలుగో కాగితంలో కరస్పాండెంటు గారి శుభాకాంక్షల సందేశం పెట్టారు.

"ఆమెకి ఎవరు చెప్తారు?" అన్నాడు ప్లీడరు.

"నేను చెప్తాను" అన్నాడు మాస్టారు.

చెప్పడానికే మెట్లు దిగాడు. ఆమెకివ్వడానికి నన్నూ, దారం ఉండలనూ సంచిలో వేసుకున్నాడు. ఆమె ఆయన్ను నోరు తెరవనివ్వలేదు.

"మాస్టారూ, ఈసారి మిషను కుట్టు వద్దని చెప్పండి. ఇన్నేళ్ళూ మీరంతా కుట్టుకున్నారు. ఇప్పుడు నా రాత ఉంది. మూడొందల పుస్తకాలూ నేనే కుడతా."

ఆయన సంచి ఆమె చేతికిచ్చాడు. "సరే అక్కా" అన్నాడు.

తొమ్మిది రోజులు ఆమె చెప్పులు ముట్టలేదు. వచ్చినవాళ్ళను "కాగితాలకి నల్లరంగు అంటిద్ది, పో నాయనా" అని పంపేసింది. నా మొనను చింతపండుతో తోమింది. ఎర్రదారానికి మైనం పట్టించింది. ఒక్కో ప్రతికీ ముందు చేతులు కడుక్కుంది. నేను ప్రతి కాగితంలోకీ దిగాను. రూతు ఎక్కడా తగల్లేదు. నాకు నోరు లేదు. నోరున్న ఏడుగురూ ఆ తొమ్మిది రోజులూ రోడ్డుకు అవతలి పక్క నుంచే నడిచారు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆమె మాస్టారికి కబురుపెట్టి, మొదటి ప్రతి చేతిలో పెట్టింది.

"చదవండి. అచ్చులో ఎట్టా ఉందో వింటా."

ఆయన ఆ ప్రతిని అలవాటు కొద్దీ నాలుగో కాగితం దగ్గర తెరిచాడు. "నా బిడ్డ పేరు రూతు" అని మొదలుపెట్టాడు. కళ్ళు కాగితం మీదే ఉన్నాయి, ఎడమనుంచి కుడికి కదులుతున్నాయి కూడా. చదువుతున్నది మాత్రం నోటుపుస్తకంలో తను రాసుకున్నది. ఒక్క మాట తప్పలేదు. చెప్పుల దగ్గరకు వచ్చేసరికి ఆయన పుస్తకం మూయబోయాడు. ఆమె చెయ్యి చాపి ఆయన మోచెయ్యి తట్టి, "చదవండి" అన్నది. చదివాడు.

"పిల్ల పేరు యాడుంది?"

ఆయన ఒక మాట మీద వేలు పెట్టాడు. అక్కడ "విద్యాదాత" అని ఉంది. ఆమె ఆ మాటను బొటనవేలితో నెమ్మదిగా తడిమింది. తర్వాత నన్ను తీసుకుని ఆ కాగితం పై మూల ఒక బెజ్జం పొడిచింది. "చదువు రానోళ్ళకి గూడా తెలియాల గదా" అన్నది. ఆయన వెళ్ళిపోయాక మిగతా ప్రతులు ఒక్కొక్కటే తీసి, నాలుగో కాగితం లెక్కపెట్టుకుని, అన్నిటికీ బెజ్జం పొడిచింది.

ఆవిష్కరణ సభ కల్యాణమండపంలో పెట్టారు. సంస్థ పుట్టుకకు గుర్తుగా నన్ను బల్లమీద పళ్ళెంలో ఉంచారు. కరస్పాండెంటు గారిది మధ్య కుర్చీ. సువార్తమ్మ ఆయన్నెప్పుడూ చూడలేదు. కాలేజీకి ఎన్నిసార్లు వెళ్ళినా వార్డెను ఆమెను గేటు దాటి పోనివ్వలేదు. "మా కుట్టు తల్లి" అంటూ ప్లీడరు ఆమెకు శాలువా కప్పించాడు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చే ఆలోచన ఎవరికీ లేదు. ఆమె తనే తీసుకుంది.

"మీ చేతుల్లో ఉన్న పుస్తకంలో నాలుగో కాగితం తియ్యండయ్యా. పైన మూలకి బెజ్జం ఉంటది. ఆడుంది నా బిడ్డ. చదవండి. నాకింకేం వద్దు."

హాలంతా కాగితాల చప్పుడు. కరస్పాండెంటు గారూ తన ప్రతి తెరిచాడు. అక్కడ తన సందేశమే కనిపించింది. ఆయన ముఖం విప్పారింది. లేచి నిలబడి ఆమెకు రెండు చేతులూ జోడించాడు. ముందు వరసలో ఆయన కాలేజీ లెక్చరర్లు చప్పట్లు మొదలుపెట్టారు. అవి చివరి వరసదాకా పాకాయి.

సువార్తమ్మ కిందికి వచ్చి కూర్చుంది. పక్క కుర్చీలో ఎవరో కొత్త ఆవిడ, చేతిలో అదే పేజీ తెరిచి ఉంది. "మంచిపని చేశావమ్మా. మీ అమ్మాయిని చదివించింది ఆయనేనా? అందుకే ఆయన సందేశం చదవమన్నావు" అన్నది.

"ఏం సందేశం?"

"ఇదేగా. నీలం గేటు కాలేజీ కరస్పాండెంటు గారు రాసింది. అదిగో, మధ్యలో కూర్చున్నాయన."

సువార్తమ్మ వేదిక వైపు చాలాసేపు చూసింది. లేచి, బల్ల దగ్గరకు వెళ్ళి, పళ్ళెంలోంచి నన్ను తీసుకుంది. వేదిక మెట్ల పక్కన జెకర్యా మాస్టారు నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన ముందే నేలమీద కూర్చుని, తన ప్రతి కుట్టులోకి నన్ను దూర్చి దారం లాగింది. కాగితాలు విడిపోయాయి. వాటిని దొంతర చేసి ఆయన చేతిలో పెట్టి, పైన నన్ను పెట్టింది.

"ఎవరి రాత ఉంటే వాళ్ళే కుట్టాల గదా మాస్టారూ. నాది లేదంట. మీరు కుట్టుకోండి."

గొంతు పెంచలేదు. శాలువా కుర్చీలోనే వదిలేసి వెళ్ళిపోయింది.

తర్వాత "కుట్టు" బాగా ఎదిగింది. గదిలోకి కంప్యూటర్లు వచ్చాయి, గోడకు ప్రశంసాపత్రాలు వచ్చాయి. ఇప్పుడు సంచికలను జిగురుతో అంటిస్తారు. అట్ట లోపల నియమం మాత్రం అలాగే అచ్చవుతోంది. పదహారు సంచికలు వచ్చాయి. రూతు సంగతి వచ్చే సంచికలో వేస్తారు. నోటుపుస్తకం నా పెట్టె కింది సొరుగులోనే ఉంది. నా కొక్కెంలో ఎర్రదారం ముక్క ఒకటి ఇరుక్కుని ఉండిపోయింది. అద్దం తుడిచేవాళ్ళు దాన్ని అలంకారం అనుకుంటారు.

నా పెట్టె కిటికీ పక్కనే ఉంది. కింద సువార్తమ్మ ఇంకో ఆరె చేయించుకుని అదే పట్టా నీడలో కూర్చుంటోంది.

మొన్న మధ్యాహ్నం మాస్టారు మెట్లు దిగుతుంటే చెప్పు తెగింది. రోడ్డు మీద నిలబడ్డాడు. ఆమె తలెత్తి చూసింది. ఎవరికైనా చేసినట్టే, కాలు పెట్టుకునే రాయిని చెంగుతో తుడిచి, రమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

ఆయన అవతలి పక్కకు దాటి, ఎండలో ఒట్టికాళ్ళతో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తెగింది ఒక్క చెప్పే. రెండూ చేత్తో పట్టుకున్నాడు.