పేరు లేని ప్రార్థన

షాలిని చేతికి తాళం చిక్కితే దేవుణ్ణి కూడా పాస్‌వర్డ్ అడుగుతుందని ఆఫీసులో వేళాకోళం. గని బండ్ల డ్రైవర్ల ఆరోగ్య పరీక్షల డేటాబేస్ ఆమె చేతిలో ఉండేది. ఎవరి ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందో తెలిస్తే కాంట్రాక్టరు మరునాడే ఆ మనిషిని బండి దించేస్తాడు. ఇనుము ధర ఆకాశానికెక్కిన ఆ రోజుల్లో డ్రైవర్లకు కొదవా? అందుకే పేర్లు డాక్టరుకు తప్ప ఎవరికీ కనపడకుండా కట్టుదిట్టం చేసింది. చివరికి తనకూ కనపడకుండా చేసుకుంది. ఆమె తెర మీద ఉండేది ఊరు, పని, జబ్బు మాత్రమే.

బుధవారం బ్రూస్‌పేటలో పాస్టరమ్మ కృపమణి ఇంట్లో ఆడవాళ్ల కూడిక. ఒక్కొక్కరూ తమ మనసులోని భారం చెప్పాలి, మిగతావాళ్లు దానికోసం ప్రార్థించాలి. షాలిని వంతు వచ్చింది. పొద్దున చూసిన రిపోర్టు ఆమెను ఇంకా తొలుస్తూనే ఉంది.

"ఒక సహోదరుని కోసం ప్రార్థించండి ఆంటీ. ఊపిరితిత్తులు బాగా చెడిపోయిండాయి. ఆయప్పకింకా తెలీదు. రేపు డాక్టరు చెప్తారు."

"పేరేందమ్మా?"

"చెప్పకూడదు ఆంటీ. నాకూ తెలీదు."

"పేరొద్దులే. యాడోడో, ఏం పని చేస్తాడో అన్నా చెప్పు. ఊరికే గుడ్డిగా ఎట్ల ప్రార్థన చేసేది?"

వివరం లేని ప్రార్థన కృపమణికి ఉప్పు లేని పప్పు. పేరు కాదు కదా అనుకుంది షాలిని.

"సంగనకల్లు నుంచి వస్తాడు. గని దోవలో దుమ్ము లేయకుండా నీళ్లు కొట్టే ట్యాంకర్ తోలుతాడు."

తలలన్నీ ఒకవైపే తిరిగాయి. గోడవార షెకైనా చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సంఘంలో కొత్తగా చేరిన ఆమెను షాలిని ఎరగదు. మిగతా అందరూ ఎరుగుదురు.

"మా ఊర్నుంచి ట్యాంకర్ తోలేది మా ఇంటాయన ఒక్కడే అక్కా," అంది షెకైనా. "పొద్దున దగ్గుకుంటానే పోయినాడు. దుమ్ములే అన్న్యాడు."

షాలిని వేసిన తాళాలన్నీ వేసినట్టే ఉన్నాయి. నేనా, నా నోటితోనా అనుకుంది. సిగ్గుతో, భయంతో కళ్లెత్తలేకపోయింది.

"ఈ మాట ఈడనే ఉండాల," అంది కృపమణి. కానీ అక్కడున్న వాళ్లలో సగం మంది మొగుళ్లకు గనిలోనే పని.

షెకైనా బిడ్డను భుజాన వేసుకుని లేచి నిలబడింది.

"ఇంక దాచేదేముండాది? పేరు చెప్పి ప్రార్థన చేయండి అమ్మా. మా ఇంటాయన పేరు నెహెమ్యా."