చిత్తుకాగితాలని రాసిచ్చాను

ఛీ, నా చదువు తగలెయ్య!

మా అమ్మ సన్యాసమ్మ కలకత్తా కార్పొరేషన్లో వీధులూడ్చి నన్ను చదివించింది. నేను చదివింది ఖురాను తొలి శతాబ్దాల చరిత్ర. నేను టెంపరరీగా పనిచేసే యూనివర్సిటీ విభాగంలో మూడు బీరువాల పాత రాతప్రతులుండేవి. వాటిలో తోలు మీద రాసిన నలభై ఖురాను ఆకులు పన్నెండు వందల ఏళ్ళ నాటివని నా నమ్మకం. అది రుజువు చేయడానికి ఎనిమిదేళ్ళుగా వాటి ముందే కూర్చున్నాను.

ఉద్యోగుల సంఘానికి ఆ బీరువాలున్న గది కావాల్సి వచ్చింది. విభాగాధిపతి మృత్యుంజయ బాబు నా ముందో కాగితం పెట్టాడు. అందులో 'పురుగు పట్టిన చిత్తుకాగితాలు, పనికిరావు' అని ఉంది.

"ఆ రాత చదవగలిగేది నువ్వొక్కడివే వెంకటేశ్. నువ్వు సంతకం పెడితే ఇంకెవరూ నోరెత్తరు" అన్నాడు. కిటికీలోంచి పాన్ ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు. "సోమవారం నీ పర్మనెంటు ఇంటర్వ్యూ కదూ?"

సంతకం పెట్టాను. ఏ గోదాములోనో పడేస్తారులే అనుకున్నాను. అబద్ధం, ఎక్కడికి పోతాయో నాకు తెలుసు.

మా విభాగమున్న వీధే అమ్మ డ్యూటీ. మర్నాడు ఏక్‌బాల్‌పూర్‌లో మా ఇంటి గుమ్మంలో రిక్షాలోంచి ఓ గోనె దింపింది.

"ఏట్రా ఈ అన్నాయం! అల్లా రాతలు సెత్తకుండీలో పడీసినారు! ముప్పయ్యేళ్ళ నౌకరీలో ఆళ్ళ దేముడి కాయితం ఒక్కటీ సెత్తబండిలో ఎయ్యనేదు నేను. పక్కకి తీసి మసీదుకిచ్చీదాన్ని. ఆళ్ళు గంగలో కలిపీవోరు. ఈ పని సేసినోడి సెయ్యి పడిపోను!"

గోనె మూతి విప్పాను. నేను మెత్తటి గుడ్డతో తప్ప ముట్టని ఆకులు చేపల నీచునీళ్ళలో నాని ఉన్నాయి. ఆ కంపు కన్నా నా మీద నాకే అసహ్యం వేసింది.

"నువ్వు సదివీ రాతలే గదరా. ఏటి సేద్దారి?" అంది అమ్మ.

ఆరబెడితే ఇంకా బతికేవి. కానీ వాటికి పురుగన్నదే లేదని, నేను సంతకం పెట్టింది అబద్ధానికని ఎవరికైనా తెలిసిపోయేది.

"మసీదుకే ఇచ్చెయ్యమ్మా. గంగలో కలిపేస్తారు."

అమ్మ మొహం విప్పారింది. "సదువుకున్నోడివి. నీకే తెలస్సు" అంది. కొంగు చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని గోనె ముందు వంగింది.

"ఒక్కర్తినీ ఎత్తుకోనేను నాయినా. ఓ సెయ్యెయ్యి."

సంతకం పెట్టిన చేత్తోనే గోనె ఎత్తి, అమ్మ నెత్తిన పెట్టాను.