దోమకో మడత, మనిషికో మడత

స్నానాల గది తలుపు మూసి, గడియ పడిన చప్పుడు విన్నాకే ఆమె వంటగది తలుపు తీసింది. అవతల వేడి గిన్నెతో వదిన నిలబడి ఉంది.

“నేను తోస్తుంటే తలుపు పట్టుకుంటావేంటమ్మా తల్లీ? ఇది మీ ల్యాబ్ కాదు, కొంప!”

“ల్యాబ్‌లో రెండు తలుపులూ ఒకేసారి తెరవం, అదే అలవాటైంది. ఒకటి పడ్డాక ఒకటి తీస్తే ఏం పోయింది వదినా?”

“నా చేతులు పోయాయి. దోమలకున్న మర్యాద వదినకు లేదు.”

అన్న పేపరు వెనకాలే నవ్వుకున్నాడు. వాళ్లిద్దరి మధ్య దూరేంత తెలివితక్కువవాడు కాదు. ఆమె చెప్పులేసుకుంది.

ల్యాబ్‌లో ఆమె పని పెంచడం. గాజు పళ్లేల్లో కణాలనూ, వాటిలో వైరస్‌నూ. దోమ మోసుకొచ్చే ఆ వైరస్ బతుకంతా ఒక ఆర్‌ఎన్‌ఏ పోగులో ఉంది. పోగు చివర కవలల్లాంటి రెండు మడతలు. ఒకటి దోమలో అక్కరకొస్తుంది, రెండోది మనిషిలో. ఆ రెండోదాన్ని వీళ్లు వదులు చేశారు. అలా నీరసపడ్డ వైరస్ మనిషి కణాల్లో కాస్తయినా బతికితే టీకాకు పనికొస్తుంది. అసలు బతక్కపోతే ఉత్త నీళ్లే.

దోమ కణాల్లో అది పుట్టింట్లో కూతురిలా పెరిగింది. మనిషి కణాల్లోకి మార్చిన ప్రతిసారీ పోయింది.

ఇవాళ్టి పళ్లెం ఆఖరిది. సూక్ష్మదర్శినిలో కణాలన్నీ ఎవరూ తొక్కని పలకల నేలలా నున్నగా ఉన్నాయి. పరీక్షలోనూ వైరస్ జాడ లేదు. ఇంత ఆరోగ్యాన్ని చూసి ఏడుపొచ్చేది తనొక్కదానికేనేమో.

“ఇక ఆపేద్దామమ్మా. మనిషిలో బతకలేదని రాసేద్దాం. అదీ ఫలితమే,” అంది ల్యాబ్ పెద్ద మేడం.

“మరీ వదులు చేశాం మేడం. సగమే వదులు చేసి మళ్లీ చూద్దాం.”

“మళ్లీనా! సెలవు రోజుల్లో ఎవరు చూస్తారు? ఆ రోజుల్లో నువ్వు రెండు బస్సులు మారి వచ్చేసరికే కణాలు సగం చస్తున్నాయి.”

ఆ మాట నిజం కాబట్టే ఒళ్లు మండింది. తను పెంచినదాన్ని తనే, క్రిములను చంపే ఆవిరి పెట్టెలో పెట్టి మూత బిగించింది. ఒత్తిడి ముల్లు పైకి ఎక్కింది, కాసేపుండి దిగింది. అంతే.

భోజనాల దగ్గర అన్న అడిగాడు: “ఏమే, ముద్ద దిగట్లేదు?”

“ఆదివారం ల్యాబ్ పక్క క్వార్టర్స్‌కి వెళ్లిపోతున్నా. మేడంకి చెప్పేశాను, ఇంకోసారి చూడమంది.”

వడ్డిస్తున్న వదిన చెయ్యి ఆగింది. “పొద్దున నేనన్న మాటకేనా?”

“కాదు వదినా. అంతా మొదట్నుంచీ చెయ్యాలి. దగ్గరుండి చూసుకోవాలి.”

“ఆ పురుగుల కోసం మమ్మల్ని వదిలేస్తావా?”

“పురుగులు కావు,” అంది. మరేమిటో ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో చెప్పలేకపోయింది. చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

వదిన వడ్డించిన రెండో విడత అన్నం కంచంలో అలాగే ఉంది, గరిటె అచ్చు చెరగకుండా.