అరగని బిళ్ళ

తాండూరులో సమాధి బండల మీద పేర్లు చెక్కే ఏసుదాసు, పని లేనప్పుడు ఉలిని నూనెగుడ్డలో చుట్టి పెట్టే మనిషి. పదును ఊరికే పోతే ఆయనకు ప్రాణం పోయినట్టుండేది. చివరికి కంటికి కూడా అదే లెక్క కట్టాడు, మొండిమనిషి.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి పని మూలబడింది. పంతొమ్మిది వందల అరవై నాలుగులో వికారాబాద్ ఆసుపత్రికి వచ్చిపోయే కళ్ళ డాక్టరు కుడికంటికి ఆపరేషన్ చేసి, ఇంగ్లండు నుంచి తెప్పించిన ప్లాస్టిక్ లెన్సు బిళ్ళ లోపల పెట్టాడు. కట్టు విప్పిన రోజు భార్య రాహేలమ్మ మంచం పక్కన నిలబడి, "నేను కనవడుతున్ననా?" అని అడిగింది. ఏసుదాసు నేలవైపు చూశాడు. పరిచినవి తాండూరు బండలే. అతుకులన్నీ స్పష్టంగా కనిపించాయి.

"ఇగ పని జేస్త," అని కంటికి గుడ్డ కట్టుకున్నాడు.

ప్లాస్టిక్ కదా, చూసినకొద్దీ అరుగుతుందని ఆయన నమ్మకం. బండ ముందు కూర్చుంటేనే గుడ్డ విప్పేవాడు. ఇంట్లో రాహేలమ్మే చెయ్యి పట్టుకుని నడిపించేది, కంచం ముందు కూర్చోబెట్టేది.

"సచ్చినోళ్ళ పేర్లు సూస్తవు గని, బతికున్న నా దిక్కు సూడవేందయ్యా?"

"నువ్వెటు పోతవ్?" అనేవాడు.

ఏడాది తిరిగేసరికి అక్షరాల అంచులు మసకబారాయి. అరుగుడు మొదలైందనుకుని పని కూడా తగ్గించాడు. వానాకాలంలో ఆ పని మొత్తానికే ఆగిపోయింది. గుడ్డ విప్పే అవసరమే రాలేదు. ఆ వానల్లోనే జ్వరం వచ్చి రాహేలమ్మ పోయింది.

పెట్టె మూసే ముందు ఆఖరిచూపుకని గుడ్డ విప్పాడు. ముక్కూ లేదు, నోరూ లేదు. పాలు కలిసిన నీళ్ళలా తెల్లగా ఏదో ఉంది. ఏడుపు రాలేదు. అందరూ ఏడుస్తుంటే వింటూ నిలబడ్డాడు.

ఆమె బండ మీద పేరు చెక్కాలి కదా, రైలెక్కి వికారాబాద్ పోయాడు. డాక్టరు కంట్లో లైటు వేసి చూశాడు.

"బిళ్ళ నిన్న పెట్టినట్టే ఉంది, పెద్దాయనా. దాని వెనకాల పొర మసకేసింది. బిళ్ళను దేనితో చేస్తే ఆ పొర తేటగా నిలుస్తుందో మాకూ ఇంకా తెలియదు."

"నేను సూస్తే అరిగిందనుకున్న."

"చూపుకూ దీనికీ సంబంధం లేదు. పొద్దంతా చూసినా ఇంతే, కట్టి దాచినా ఇంతే."

సూదితో పొరను చీలిస్తే మళ్ళీ కనిపిస్తుందన్నాడు. ఏసుదాసు తల ఊపాడు. బల్ల మీద పడుకుని భార్య ముఖం గుర్తు తెచ్చుకోబోతే, శుక్లాలు రాకముందటి ముఖమే వచ్చింది. ఆ తర్వాత ఆమె ఎంత ముసలిదయిందో ఆయనకు తెలియదు.

మర్నాడు నర్సు కట్టు విప్పింది. ఏసుదాసు ముందుగా మంచం పక్కకు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"ఏం కనబడుతోంది?" అని నర్సు అడిగింది.

ఆయన కన్ను నేలకు దించాడు.

"బండలు," అన్నాడు.