కట్ చెప్పని రెండు నిమిషాలు

దుఃఖం మీద సినిమా తీస్తున్నారు. డబ్బు తక్కువ, అద్దె షెడ్డు, పద్నాలుగు మంది పనివాళ్లం. హీరోయిన్ కళ్ల కింద నలుపు రుద్దడం నా పని.

షాట్ మధ్యలో పరంజా విరిగి లైట్‌మన్ కింద పడ్డాడు. అది ఊగుతోందని వారం నుంచి మొత్తుకున్నాడు, విన్న నాథుడు లేడు. కళ్లముందు మనిషి పడితే మేం కదల్లేదు. కట్ అనేదాకా కదలకూడదన్నది మా ఒంటికి పట్టిన అలవాటు. దర్శకుడు కట్ అనలేదు. వంట దగ్గర్నుంచి లైట్‌మన్ భార్య, మేమంతా వదినా అని పిలిచే మనిషి, ఒక్కతే పరిగెత్తుకొచ్చింది. ఆమె ఏడుపును కెమెరా రెండు నిమిషాలు తాగింది. థూ, మా బతుకులు!

మూడో రోజు దర్శకుడు మమ్మల్ని, వదినని కూర్చోబెట్టాడు. చచ్చినవాడంటే తనకు ప్రాణమట. ఆ ఏడుపు సినిమాలో ఉండాలట, అలాంటిది ఎవరూ నటించలేరట. లైట్‌మన్ తాగి ఎక్కాడని మేమంతా సంతకాలు పెట్టాలట. గేటు దగ్గర పోలీసు జీపు అప్పటికే వచ్చి ఉంది.

కెమెరా అసిస్టెంటు తనకు పిల్లలున్నారని గొణిగాడు. నాకూ భయం వేసింది, దాచను. అప్పుడు సౌండతను లేచాడు. నెలకో మాట మాట్లాడే మనిషి.

"దిగుతానని ఆయన అన్నాడు. షాట్ అయ్యేదాకా ఉండమని మీరన్నారు. రెండూ నా మైకులో పడ్డాయి సార్."

దర్శకుడు ఆ రికార్డు ఇచ్చెయ్యమన్నాడు. సౌండతను వదిన వైపు చూశాడు.

"నా ఏడుపు మీ సినిమాకి ఇవ్వను," అంది వదిన. "జడ్జి ముందు వినిపిస్తా. నా మొగుడు తాగి చావలేదు."

ఎస్సై వచ్చి, రికార్డు ఆమే కొట్టేయించిందని దొంగతనం కేసంటూ ఆమెను జీపెక్కించాడు. అసిస్టెంటు సంతకాల కాగితం చింపి, అందరికంటే ముందు వెళ్లి జీపు ముందు కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. పక్క షెడ్లలోంచి వడ్రంగులు, పెయింటర్లు, డ్రైవర్లు వచ్చి ఏమైందని అడిగారు. సౌండతను స్పీకరు రోడ్డు మీద పెట్టి రికార్డు మోగించాడు. లైట్‌మన్ గొంతు వినగానే వాళ్లూ మా పక్కన కూలబడ్డారు.

వీధి చివర ఇంకో రెండు జీపులు కనబడ్డాయి. ఆపమని ఎస్సై లాఠీ ఎత్తాడు.

జీపులోంచి వదిన తల బయటపెట్టింది.

"వెనకున్నోళ్లకి వినబడట్లేదన్నా. ఇంకా గట్టిగా పెట్టు."

పెట్టాడు.